యాదమ్మ మూర నలభై ఒక్క సెంటీమీటర్లు

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా నా ఆఖరి పోస్టింగు మేడ్చల్. పదవీ విరమణకు ముందటి శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు, ఆఫీసు తెరవగానే కొంపల్లి నుంచి ఒక ఫిర్యాదుదారు వచ్చారు. పేరు సత్యనారాయణ. కాకినాడ వైపు మనిషి, ఇంజనీరు, ఆరడుగుల పొడుగు.

కిందటి శుక్రవారం పూజకు ఆయన గుమ్మం కొలిచి, మూరకు పద్దెనిమిది అంగుళాల చొప్పున లెక్కగట్టి, మేడ్చల్ మార్కెట్లో బంతిపూల దండ కొన్నారు. అది గుమ్మానికి చాల్లేదు. పేరంటాళ్ల ముందు భార్య “ఇది మా ఇంజనీరు గారి లెక్క” అని నవ్వారట.

“నాకు పూల గొడవ కాదండీ. లెక్క తప్పింది నేను కాదని తేలాలి,” అన్నారు.

ఫిర్యాదు వచ్చాక తనిఖీ తప్పదు. ముద్ర ఉన్న మీటరు కడ్డీ తీసుకుని ఆయనతో మార్కెట్‌కు వెళ్లాను. ముద్ర అంటే కొలత సరిగ్గా ఉందని మా శాఖ పరీక్షించి కొట్టే గుర్తు. ఆయనకు దండ అమ్మిన యాదమ్మ పొట్టి మనిషి. మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా. పుస్తకాల ప్రకారం అది 45.72 సెంటీమీటర్లు. ఆమె చేతి పక్కన కడ్డీ పెడితే నలభై ఒకటి వచ్చింది.

సత్యనారాయణ గారి ముఖం వెలిగింది. యాదమ్మ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “ఇది నేను కొనుక్కొచ్చిన చెయ్యా సారూ? ముద్ర లేదంటే గిప్పుడే ఎయ్యుండ్రి,” అని చాపింది.

నా చిక్కు వేరు. అమ్మకాల్లో మూర చెల్లనే చెల్లదు. చట్టంలో లేని కొలత తక్కువైందని కేసెలా రాస్తాను? మూరతో అమ్మినందుకు రాయాలంటే సుచిత్ర చౌరస్తా నుంచి శామీర్‌పేట దాకా పూలమ్మే అందరి మీదా రాయాలి. అందుకని మొదటిసారికి హెచ్చరించి, ఇకపై మీటర్లలో అమ్మమని కడ్డీ ఆమె చేతికిచ్చాను.

అంతలో ఒకామె వచ్చి రెండు మూరల మల్లెలు అడిగింది. అంటే తొంభై ఒకటిన్నర సెంటీమీటర్లు అని సత్యనారాయణ గారు వివరించారు.

“నేను పూలడిగిన, ప్లాటు గాదు,” అని ఆమె పక్క బండికి పోయింది. వెనకున్న ఇద్దరూ ఆమె వెంటే నడిచారు.

“ఏదన్నొకటి జల్దీ చెప్పుండ్రి సారూ, ఎండొస్తాంది. పూలు వాడిపోతయ్,” అంది యాదమ్మ. ఈసారి ఆ గొంతులో వేళాకోళం లేదు.

తన వల్ల ఆమె బేరం పోవడం సత్యనారాయణ గారికి మనసొప్పినట్టు లేదు. “నా చేత్తో కొలవమ్మా. రేటు దానికి తగ్గట్టు పెంచుకో,” అని చొక్కా చెయ్యి పైకి మడిచారు. కడ్డీ పెట్టి చూశాను. సరిగ్గా యాభై సెంటీమీటర్లు. ఆయన మూరలు రెండైతే ఒక మీటరు. నేను మీటరనుకున్నాను, కొనేవాళ్లు రెండు మూరలనుకున్నారు. పేచీ లేదు.

పొడుగు సారు మూర అనే మాట మార్కెట్టంతా పాకింది. పక్క బండికి పోయినవాళ్లు కూడా తిరిగొచ్చారు. కుడిచెయ్యి నొప్పెట్టి ఆయన ఎడమది చాపితే ఒక ముసలామె ఒప్పుకోలేదు. భార్య ఫోన్ చేస్తే, “డ్యూటీలో ఉన్నాను,” అని పెట్టేశారు.

మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ అయింది. తన ఇంటికి దండ ఉంచుకోలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. పక్క బండి ఆవిడ యాదమ్మ కన్నా పొట్టి. ఆయన గుమ్మం లెక్క ఎత్తకుండా, రెండు మూరలు ఎక్కువే కొనుక్కుని వెళ్లిపోయారు. ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టు రాసిచ్చారు కనుక ఫైలు మూసేశాను.

అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చడానికి ఒక గుణకారం చాలు. ఎవరి కొలతను నమ్మాలో అమ్మేవారు, కొనేవారు ఒప్పుకోవడం మాత్రం గుణకారంతో తేలదు. ఆ తర్వాత ఏ తనిఖీకి వెళ్లినా, కడ్డీ బయటికి తీసే ముందు, అక్కడ ఏ కొలత నడుస్తోందో అడిగి తెలుసుకునేవాణ్ణి.