ఇంటిపేరు మార్చుకున్న జర్మన్ అల్లుడు

జాన్సన్‌విల్‌లో మా పక్కింటి హెల్గా ఆంటీకి ఎనభై రెండేళ్లు. జర్మనీలో రైతులైన తన పూర్వీకుల కోసం మూడేళ్లుగా పాత చర్చి రిజిస్టర్లు వెతుకుతున్నారు. శనివారాలు నేను లాప్‌టాప్ పట్టుకుని సాయం వెళ్తాను. వాళ్ల ఊరు ప్రొటెస్టెంటు మతంలోకి మారిన కొత్తలో ఉన్న యోహాన్ అనే పూర్వీకుడి దగ్గర ఆగిపోయాం. ఆయన పెళ్లి దొరికింది కానీ, పుట్టుక ఎక్కడా దొరకలేదు.

ఈ రోజు ఆ పెళ్లి పేజీని పెద్దది చేసి మళ్లీ చదివితే విషయం బయటపడింది. పొలం పెళ్లికూతురు మార్గరెట్‌ది. యోహాన్ వేరే ఇంటిపేరుతో పక్క ఊరి నుంచి వచ్చి, పెళ్లితో ఆమె ఇంటిపేరు తీసుకున్నాడు.

"ఇల్లరికం, ఆంటీ! మా వైపూ ఉంది. కానీ మా అల్లుళ్లు ఇంటిపేరు మార్చుకోరు," అన్నాను.

"మా వైపు ఇంటిపేరు పొలానిది, మనిషిది కాదు. దున్నడానికి వచ్చినవాడు ఆ పేరు పెట్టుకోవాల్సిందే. మా నాన్న ఎప్పుడో చెప్పాడు, నేనే మర్చిపోయాను," అంటూ రబ్బరు తీసుకుని, వంశవృక్షం చార్టులో యోహాన్ పైన ఊహించి రాసిన పేర్లన్నీ చెరిపేశారు.

"మూడేళ్ల పని కదా ఆంటీ!"

"ఇన్నాళ్లూ మగాళ్ల వెంట పోయాను. ఇక పొలం వెంట పోతాను. నువ్వు టీ పెట్టు."

రెండో కప్పు అయ్యేలోపే మార్గరెట్ తండ్రి దొరికాడు, ఊరు మతం మారకముందు అక్కడి క్రైస్తవ మఠం, తన భూములు తరతరాలుగా సాగుచేసే కౌలుదారుల గురించి రాసుకున్న జాబితాలో.

నాలుగైదు వందల ఏళ్ల కిందటి మార్గరెట్ పుట్టింటి పేరు నాకిప్పుడు నోటికొచ్చు. మా అమ్మమ్మ పుట్టింటి పేరు మాత్రం తెలియదు. అమ్మకు ఫోన్ చేస్తున్నాను. మీ అమ్మమ్మది మీకు తెలుసా? ఎవరినీ అడగకుండా చెప్పండి.