కారు రేడియోకు నీలి తీగ

మొన్న కోడలి కారులో చిట్యాల దాకా వెళ్తుంటే, ఆ పిల్ల తెర మీద వేలు పెట్టగానే పాట మొదలైంది, గరగర లేదు, తిప్పేందుకు మీటా లేదు. నాకు మాత్రం తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు కొన్న మా పాత కారూ, దాని రేడియో ముందు నేను పోగొట్టుకున్న పరువూ గుర్తొచ్చి నవ్వాగలేదు.

హైవే మీద లారీలకు వైరింగ్ చేస్తూ తల నెరిసినవాణ్ణి, నాకు తెలియని తీగ ఉంటుందంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. గొర్లకాపరుల ఇంటి ఆడబిడ్డ అయిన నా భార్య ఆ రోజుల్లోనే హైదరాబాదు వెళ్లి, గొర్రెపిల్లల పెంపకం గురించి రేడియోలో మాట్లాడి వచ్చింది. ఆ కార్యక్రమం శనివారం సాయంత్రం వస్తుందన్నారు, అదీ ఒక్కసారే. ఇంట్లో రేడియో ఎప్పుడో మూలపడింది, ఫోన్లో వింటే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నవారికే. అందుకని కారులో కొత్త రేడియో నేనే బిగిస్తాను, అందరం కలిసి విందామని అత్తగారింటికి కూడా గొప్పగా కబురు పంపాను.

ఆ కారు ఏరియల్‌కు కరెంటు అందాలని దుకాణంలో ఒక అడాప్టర్ ఇచ్చారు, దాని పక్క నుంచి ఒక నీలి తీగ వేలాడుతోంది. లారీ ఏరియల్ అంటే ఉత్త ఇనుప పుల్ల, దానికి కరెంటేమిటని నవ్వుకుని, ఆ తీగకూ, రేడియో వెనక మిగిలిన ఇంకో నీలి తీగకూ విడివిడిగా టేపు చుట్టి పక్కకు తోసేశాను. మిగిలిన తీగకు మా లారీల దగ్గర జరిగే మర్యాద అంతే.

శనివారం సాయంత్రం అత్త, బామ్మర్ది, మా ఇద్దరు పిల్లలు, కొత్త చీర కట్టుకుని నా భార్య కారెక్కి కూర్చున్నాక స్విచ్ వేస్తే, పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే చప్పుడు, మాట మాత్రం లేదు. ఇంకా పావుగంటే ఉంది. నా భార్య కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది, తిట్టినా బాగుండేది అనిపించింది. చెమటలు కక్కుతూ రేడియోను బయటికి లాగాను. పుట్టి బుద్ధెరిగి కరెంటు తీగ ముట్టని మా బామ్మర్ది తొంగి చూశాడు.

"గీ రెండు నీలియి గిట్ల ఎందుకు ఇడిసినవ్ బావా? మందలు గలిస్తే మేం రంగు జూసే గద ఏరుకుంటం. నీలిది నీలిదాంట్ల గలుపు."

వాళ్లు గొర్రెల వీపు మీద మందకో రంగు పూస్తారు, అతనికి తెలిసిన శాస్త్రం అదే. వేరే దారి లేక టేపులు విప్పి రెండు తీగలూ మెలిపెట్టాను. గరగర చటుక్కున ఆగిపోయింది. కాసేపటికి నా భార్య గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినంత తేటగా వినిపించింది.

"గొర్రెపిల్ల జర దగ్గినా నాకు తెలుస్తది. మా ఇంటాయనకు లారీ దగ్గితేనే తెలుస్తది."

కారంతా ఒకటే నవ్వులు, అత్తయితే రేడియోకే మెటికలు విరిచి దిష్టి తీసింది. నాకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు ఆమె గొంతు నా ఫోన్ నిండా ఉంది, పక్క గదిలోంచే వాయిస్ మెసేజీ పెడుతుంది, మళ్లీ వినొచ్చులే అని సగంలోనే ఆపేస్తుంటాను. ఆ సాయంత్రం మాత్రం ఒక్క మాట జారినా మళ్లీ దొరకదని ఊపిరి బిగబట్టి విన్నాం. అప్పటికి ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో కాపురం చేసి, ఆమె మాటను నేను మొదటి నుంచి చివరి దాకా విన్నది ఆ రోజే.