కోదండరాం చప్పట్ల క్లాసు

పురసవాక్కంలో నగల కొట్టు మేడమీద, రేకుల కప్పు కింద, కోదండరాం మధ్యాహ్నం భోజనాల వేళ ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతాడు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు చుట్టుపక్కల అంగళ్లలో పనిచేసే తెలుగువాళ్లు, తాతల కాలం నుంచీ ఆ తమిళ ఊళ్లోనే పాతుకుపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ రెండూ ఉన్నా అంగళ్లలోంచి బయటపడ్డవాడు లేడు.

వాళ్లందరిదీ ఒకటే తప్పు. ఇంట్లో ‘చేస్తా ఉండా, పోతా ఉండా’ అనే అలవాటు కొద్దీ, ఏ మాట ఎత్తుకున్నా ‘ఐ యామ్’ అని మొదలుపెట్టి చివర ‘ఇంగ్’ తగిలిస్తారు. “ఈ నిమిషాన జరిగే పనికే ఇంగ్. రోజూ చేసేదానికి వద్దు. తెలుసు, కావాలి, ఇష్టం అనేవాటికి అసలే వద్దు,” అని కోదండరాం ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. తలకెక్కలేదు. అందుకని చప్పట్లు పెట్టాడు. ఎవరి నోట ఆ ఇంగ్ జారినా బ్యాచ్ మొత్తం ఒక్కసారి ఫట్‌మని చరచాలి. జనానికి పాఠం కంటే అదే నచ్చింది. పక్కవాడి తప్పు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవారు.

సింధూరి చీరల దుకాణంలో పనిచేస్తుంది. తలుపులు తీసింది మొదలు మూసేదాకా నిలబడే ఉండాలి. పిక్కల్లో నరాలు ఉబ్బి తాళ్లలా తేలాయి. ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఖాళీ ఉందని తెలిసి క్లాసులో చేరింది. జీతం అక్కడా అంతే. కానీ కుర్చీ ఉంది.

మొదటిరోజే “ఐ యామ్ నోయింగ్ తమిళ్ అండ్ తెలుగు,” అంది. ఫట్.

“ఏమ్మా, చీరకు అంచు మాదిరి అన్నిటికీ ఇంగ్ కడతా ఉండావే!” అన్నాడు జనార్దనం. పాత్రల కొట్టులో బిల్లులు వేసేవాడు.

“నువ్వేమో పెద్ద దొర! నిన్న ‘ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్’ అనలా?”

అందరూ నవ్వారు. సింధూరీ నవ్వింది. కొన్నాళ్లకు ఆమె నోట తప్పు రావడం మానేసింది. కోదండరాం సంతోషించలేదు. తప్పు పోయింది, అంతే. చాలాకాలంగా ఏదీ ఆయన మనసుకు అంతకుమించి తగలడం లేదు.

ఇంటర్వ్యూ అయిన మధ్యాహ్నం, బ్యాచ్ రాకముందే, ఆమె మెట్లెక్కి వచ్చింది.

“నోరు రాలా సార్.”

“ఏమడిగారు?”

“ఇప్పుడేం పని చేస్తావని. ‘ఐ వర్క్’ అనాలని తెలుసు నాకు. ‘ఐ’ అన్నా. అంతే. ఆడ ముగ్గురుండారు. వాళ్ల చేతులే చూస్తా కూర్చున్నా, ఎప్పుడు చరుస్తారా అని.”

“తరవాత?”

“ఇంగ్లీషు రాదా అన్నారు. రాదేమోలే అనిపించింది. నాకు ముందు పోయిన పిల్ల ‘ఐ యామ్ వాంటింగ్ దిస్ జాబ్’ అని అరవడం బయటికి వినపడింది సార్. దాన్ని పనిలోకి రమ్మన్నారు.”

ఆమె ఏడవలేదు. చీర ధర చెప్పినట్టు చెప్పింది. సోమవారం ఇంకోచోట, ఒక క్లినిక్‌లో ఇంటర్వ్యూకి పిలిచారంది.

“కూర్చో. ఇప్పుడు ఎవరూ లేరు. తప్పులు నేను పట్టను. నోటికొచ్చింది మాట్లాడు.”

“ఐ...” అంది. పెదాలు కదిలాయి. లోపలే వాక్యం కట్టి, విప్పి, మళ్లీ కట్టింది. “ఐ యామ్...” అని ఆగి, ఖాళీ బెంచీల వైపు చూసింది. కోదండరాం కూడా చూశాడు. ఏదైనా అనాలని వెతుక్కుంటే ఆయనకు రూల్సే తగిలాయి.

“పోనీ, తెలుగులో చెప్పు.”

“పొద్దున దుకాణానికి పోతానే చీరలు దించుతా. వచ్చినోళ్లకి విప్పి చూపిస్తా. వద్దని పోతే మడత పెడతా. కాళ్లు లాగితే బీరువాకి ఆనుకుంటా, సూపర్వైజర్ దగ్గితే మళ్లీ నిలబడతా. ఇంకేముండాది సార్?”

అందులో ప్రతి మాటకూ ఇంగ్లీషు ఆయనే నేర్పాడు. అది ఆమె దగ్గర ఉంది కూడా. బయటికి మాత్రం రాదు.

మెట్లమీద బ్యాచ్ అలికిడి. ముందు జనార్దనం తల దూర్చాడు. “ఏమ్మా, స్వీటేది?”

సింధూరి బ్యాగు భుజాన వేసుకుంది. ఒక్క పూటకే పర్మిషన్ ఇచ్చారట.

“సోమవారం పోవాల్నా సార్?”

“పో.”

“సరి. పోతా. నోరు రాకుంటే వచ్చేస్తా,” అని దుకాణంలో నిలబడడానికి దిగివెళ్లింది.