మెనూలో పైవరుస

ఈ ఉదయం కంప్యూటర్ ఆన్ చేయగానే అలవాటుకొద్దీ నా వేలు కిందికి బాణం గుర్తున్న మీట మీదికి వెళ్ళింది; కంప్యూటర్ మాత్రం ఎక్కడా ఆగకుండా నేరుగా తెరుచుకుంది. నిన్న మెనూ అంతా నేనే శుభ్రం చేశానని అప్పుడు గుర్తుకొచ్చింది.

తణుకులో మావారూ నేనూ శుభలేఖల డిటిపి షాపు నడిపేవాళ్ళం. వైరస్‌లతో విసిగిపోయి ఆయన లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కించి, తెలుగు అక్షరాల కోసం పాత విండోస్‌నూ ఉంచుకున్నారు కాబట్టి, ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకోమని ఒక మెనూ వచ్చేది. మన తరం వాళ్ళకు చెప్పక్కర్లేదు, పచారీ చీటీకైనా పైన శ్రీరామ అని రాయనిదే ఆయన కలం కదిలేది కాదు. ఎలా నేర్చుకున్నారో గానీ, ఆ మెనూకీ అన్నిటికంటే పైన ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీరామ అని ఒక వరుస చేర్చారు. దాని వెనక ఏమీ లేదు. మిషనేమో తనంతట తాను పైవరుసే ఎంచుకుని, అక్కడేమీ దొరక్క తిరిగొచ్చి, ఎవరో ఒకరు బాణం మీట నొక్కేదాకా అలాగే నిలబడిపోయేది.

"ఏంటండీ ఇది, రోజూ దీని దగ్గర కాపలా ఉండాలా?" అని విసుక్కునేదాన్ని.

"కాసేపు ఇద్దరం నించుందాం లేవే, ఏం పోయింది" అనేవారు. ఆయన దణ్ణం పెట్టుకునేవారు, నేను మీట నొక్కేదాన్ని.

నిరుడు ఆషాఢంలో, ఎవరి పెళ్ళి కార్డూ ఆగే పనిలేని రోజుల్లో ఆయన పోయారు. షాపు మూసి కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. అప్‌డేట్ అయినప్పుడల్లా మిగిలిపోయిన కెర్నెళ్ళనే లినక్స్ పాత కాపీల పేర్లూ, ఎప్పుడో పాడైన డిస్కులోని విండోస్ పేరూ మెనూ నిండా పేరుకుపోవడంతో, శుక్లాల కళ్ళతో ఒకటనుకుని ఇంకొకటి నొక్కుతున్నాను. నిన్న ఆయన నేర్పినట్టే టెర్మినల్ తెరిచి, ఆదేశాలు టైపు చేసి ఒక్కొక్కటీ తీసేశాను. చివరికి పనిచేసే లినక్స్ ఒకటీ, దాని పైన శ్రీరామా మిగిలాయి. కాసేపు ఇద్దరం నించుందామని చెప్పి, నన్నొక్కదాన్నే నించోబెట్టి వెళ్ళిపోయిన మనిషి మీద ఎక్కడలేని కోపం వచ్చి, శ్రీరామనూ తీసేశాను. ఇక ఎంచుకోవడానికేమీ లేక మెనూయే రావడం మానేసింది.

ఈ రోజుల్లో శుభలేఖలు ఫోన్లలోనే వచ్చేస్తున్నాయి, దేనికీ ఎవరూ కాసేపైనా ఆగక్కర్లేదు. ఆ వరుస మళ్ళీ రాయడం నాకు వచ్చు. రాస్తే మిషన్ మునుపటిలాగే ఆగుతుంది, నేనూ దాని ముందు నించుంటాను, పక్కన దణ్ణం పెట్టుకునే మనిషే ఉండరు.