సోనేపూర్ సీతాలు

ఒరిస్సా వేరే రాష్ట్రమైన కొత్తలో, బరంపురంలో ఏ ఇంట మనిషి చివరి రోజుల్లో ఉన్నా సముద్రం ఒడ్డున సోనేపూర్‌లోని సీతాలుకి కబురెళ్లేది. పొట్టి మనిషి. ఉప్పుగాలికి గరుకెక్కిన చేతులు. మంచం పక్కన చతికిలబడి, తడిగుడ్డతో రోగి పెదవులు అద్దుతూ, సముద్రం సంగతులు జోలపాటలా చెప్పేది. వింటూంటే గది పడవలా మెల్లగా ఊగుతున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం పట్టుబట్టల వర్తకుడు సోమేశ్వరరావు భార్య కామాక్షికి తల దువ్వబోయి సీతాలు ఆగింది. ఆయన వారం రోజులుగా గడప బయటే నిలబడి, "తగ్గిపోతుందిలే" అనేసి వెళ్లిపోతున్నాడు.

"తగ్గదు బాబూ. ఆయమ్మకీ తెలుసు. ఇలాగొచ్చి కూకోండి," అంటూ దువ్వెన ఆయన చేతిలో పెట్టింది.

"నాకు చేతకాదే!"

"నెమ్మదిగా దువ్వండి, అదే వస్తుంది," అని కామాక్షి నవ్వింది.

ఆయన భార్య తలని ఒళ్లోకి తీసుకున్నాడు. వేళ్లతో చిక్కులు తీసి, జడ అల్లుతూ, పెళ్లినాటి కబుర్లు చెప్పసాగాడు. కామాక్షి కళ్లు మూసుకుని వింది. జడ సగంలో ఉండగా ఆమె ఊపిరి ఆగిపోయింది. సీతాలు చూసింది. జడ పూర్తయ్యేదాకా ఆయనకి చెప్పలేదు.