రెండు గోలీల సంగతి చెప్పనీకి వచ్చిన డాక్టరమ్మ

నిన్న పొద్దుగాల మా చెల్లె సంగారెడ్డి నుంచి ఫోన్ చేసింది.

"అక్కా, డాక్టరమ్మ పోయింది."

ఏ డాక్టరమ్మ అని నేను అడగలే.
మా ఇంట్ల డాక్టరమ్మ అంటే ఒక్కరే. డాక్టర్ మార్తమ్మ.

తొంభై దాటినయ్. నిద్రలనే పోయిందంట. అయినా షాకే. చెల్లె ఇంకా ఏమో చెప్తుంది, నాకు చెవిన పడలే.

మా పిల్లలకు ఆమె ఎవరో తెల్వది. అందుకే ఈ పోస్ట్.

డెబ్బైలల మేం పటాన్‌చెరుల ఉండేటోళ్లం. అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నయ్. బాపు ఒకదాంట్ల ఫిట్టర్. నేను ఇంటర్ చదువుతున్న.

బాపుకు గుండె తాళం తప్పింది. ఊకె కూసున్నా ఉరికొచ్చినోని లెక్క కొట్టుకునేది. ఒక వరస లేదు.

సంగారెడ్డిల చిన్న దవాఖానల మార్తమ్మ చూసేది. ముందుగాల డిగాక్సిన్ గోలీ రాసింది. స్పీడ్ తగ్గింది గని తాళం కుదరలే. కొన్ని నెలలకు హైదరాబాద్ నుంచి క్వినిడిన్ తెప్పించి, అది కూడ జతచేసింది.

"ఒకటి గుండె ఉరుకుడు తగ్గిస్తది. ఇంకోటి దాన్ని వరసల పెడ్తది" అని అమ్మకు చెప్పింది.

రెండూ చెట్ల మందులేనట. ఒకటి ఆకుల నుంచి, ఇంకోటి బెరడు నుంచి. నాయనమ్మకు ఆ మాట మస్తు నచ్చింది. చెట్టు మందు ఏం నష్టం చేస్తది అన్నది.

గోలీలు ఇచ్చేది అమ్మనే.

కొత్త గోలీ కలిపి వారం తిరగకముందే బాపుకు ఓకారం మొదలైంది. తిండి సయించలే.

ఒకరోజు పల్లెం ముందల కూసొని అమ్మ మీద గరమైండు.
"తెల్లన్నం వండమంటే పులిహోర ఎందుకు చేసినవే?"

పల్లెంల ఉన్నది తెల్లన్నమే.

సున్నం గోడ పసుపు అన్నడు. నా తెల్ల ఓణీ పసుపు అన్నడు.

కామెర్లు అన్నది నాయనమ్మ. గుమ్మడిదల దిక్కు పసరు పోసేటాయన ఉన్నడు, తీస్కపోదాం అన్నది. అమ్మ వినలే. బాపును సంగారెడ్డి బస్ ఎక్కించింది. నాయనమ్మ, నేను కూడ పోయినం.

డాక్టరమ్మ బాపు కనురెప్ప కిందికి గుంజి చూసింది.

"కామెర్లైతే ఈయన కండ్లు మనకు పచ్చగ కనపడాలె. తెల్లగనే ఉన్నయ్. ఈయనకే లోకమంతా పచ్చగ కనపడ్తుంది. డిగాక్సిన్ ఒంట్ల ఎక్కువైంది."

నాడి పట్టింది. నడుమ నడుమ ఆగుతుంది. రెండు మందులూ బంద్ చేసి, బెడ్ మీద పండబెట్టింది.

తర్వాత అమ్మ దిక్కు తిరిగింది.
"రోజుకు ఎన్ని డిగాక్సిన్ ఇచ్చినవమ్మా?"
"ఒక్కటే డాక్టరమ్మా. మీరు చెప్పినట్టే."

నమ్మనట్టు ఇంకోసారి అడిగింది. అది నాయనమ్మ విన్నది.

బాపు బతికిండు. కొన్ని రోజులకు డిగాక్సిన్ ఒక్కటే మళ్ల మొదలైంది.

అమ్మ మీద మాట మాత్రం నిలవడ్డది. మొగనికి లెక్కతప్పి గోలీలు ఏసిందని గల్లీ అంతా అనుకున్నరు. గోలీల డబ్బా బాపు తమ్ముని భార్య, మా చిన్నమ్మ చేతికి పోయింది. అమ్మ అన్నం పెట్టాలె, మందు ముట్టొద్దు.

అమ్మ ఎదురు మాట్లాడలే. కాకపోతే ఆమెకే అనుమానం పట్టుకున్నది.
"మరిచి రెండుసార్లు ఇచ్చిన్నా ఏందే?" అని నన్ను అడుగుతుండె.
నాకూ తెల్వది.

ఇట్లనే కొన్నేండ్లు గడిచినయ్.

డెబ్బైల ఆఖర్ల, ఎండకాలం, మిట్ట మధ్యాహ్నం. డాక్టరమ్మ బస్ దిగి నడుసుకుంట మా ఇంటికి వచ్చింది. మేం పిలవలే. ఎవలకూ పాణం బాగలేకుండ లేదు. పరేషాన్ అయినం.

పోయి నాయనమ్మ పక్కన చాప మీద కూసున్నది.

"పెద్దమ్మా, జెర ఇను. మొన్న హైదరాబాద్‌ల డాక్టర్ల మీటింగ్‌కు పోయిన. కొత్త సంగతి తెలిసింది. క్వినిడిన్ జతైతే డిగాక్సిన్ ఒంట్లకెళ్లి జల్దీ బయటికి పోదట. ఒక్క గోలీ మింగినా, రెండు మింగినంత రక్తంల జమైతదట. అప్పుడు మాకు ఎవ్వలకు తెల్వది. నీ కోడలు ఒక్కటే ఇచ్చింది. రెండు మందులు కలిపి రాసింది నేను. ఆమెను అనుమానంగ అడిగింది కూడ నేనే."

అమ్మ తలుపు పట్టుకొని నిలవడ్డది. ఏడ్వలే.
"అయితే నేను మరువలే" అన్నది. అంతే.

డాక్టరమ్మ చాయ్ తాగి, మళ్ల అదే ఎండల బస్‌కు పోయింది. రాకపోయినా అడిగేటోళ్లు ఎవ్వలూ లేకుండె.

ఆ సాయంత్రం నాయనమ్మ గోలీల డబ్బా తెచ్చి అమ్మ ముందల పెట్టింది.
"ఇగ నువ్వే ఇయ్యి."

మాఫీ గిట్ల ఏం అడగలే. అమ్మ కూడ ఆ ముచ్చట తియ్యలే. కాని ఆ రాత్రి అమ్మ నిండుగ తిన్నది. అట్ల తినంగ నేను చూసి ఏండ్లయింది.

బాపు ఆ తర్వాత చానేండ్లు బతికిండు. ఇప్పుడు ఆయన లేడు, అమ్మ లేదు, నాయనమ్మ లేదు.

ఇయ్యాల మధ్యాహ్నం సంగారెడ్డి చర్చిల ప్రార్థన ఉంది. చెల్లె, నేను పోతున్నం. తెలిసినోళ్లు రాండ్రి.

డాక్టరమ్మా, మా అమ్మ తరఫున దండం. మీ ప్రభువు దగ్గర నిమ్మలంగ ఉండుండ్రి.