సుగుణక్క చెడగొట్టిన బ్యాండు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దు వాలకముందే మా క్వార్టర్ల వెనక మైదానంలో గోనెసంచి పరిచి చోటు పట్టుకోవాలి. ఆలస్యమైతే బ్యాండు వినడమే గానీ చూడటం కుదరదు.

బల్లలు కలిపి కట్టిన స్టేజీ మీద ముగ్గురు... గిటారు మా ప్రకాశం బావ, పాట దావీదన్న, డ్రమ్ములు ఇంకొకాయన. ముగ్గురూ బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసేవాళ్లే. చర్చిలో నేర్చుకుని, నేను పుట్టకముందు నుంచే వాయిస్తున్నారు. సినిమా హీరోలు ఎక్కడో మద్రాసులో ఉండేవాళ్లు... మా హీరోలు పొద్దున్నే నల్లా దగ్గర వేపపుల్లతో పళ్లు తోముకుంటూ కనబడేవాళ్లు. అయినా మా గోదావరిఖనిలో వాళ్ల మీద మోజు తగ్గేది కాదు.

ప్రకాశం బావ మా సుగుణక్క మొగుడు. పెళ్లయిన ఏడాది బడిలో నా నడకే మారిపోయింది. బ్యాండు వాళ్ల మరదల్ని మరి... మామూలు విషయమా.

అలాంటిది, ఒక వానాకాలం నుంచి ఆదివారాలు మూగబోయాయి.

మా కాలనీలో మనుషుల సంగతులు షిఫ్టును బట్టి చెప్పేసేవాళ్లు. ఎవరు ఎవరితో షిఫ్టు మార్చుకున్నారో తెలిస్తే చాలు, ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కథ అల్లేసేవాళ్లు. బ్యాండు వాళ్లు ముగ్గురూ ఎలాగోలా ఫస్టు షిఫ్టులోనే ఉండేవాళ్లు, సాయంత్రాలు వాయించుకోవడానికి. అలాంటి బావ సెకండ్ షిఫ్టుకు మారాడు. మధ్యాహ్నం దిగితే అర్ధరాత్రికి గానీ ఇల్లు చేరడు... ఇంకెక్కడి గిటారు.

"పెండ్లాం వద్దన్నదట" అని చాయ్ హోటల్లో తేల్చేశారు.

నెల తిరక్కుండా దావీదన్న కూడా సెకండ్ షిఫ్టుకు పోయాడు. దాంతో పుకారుకు రెక్కలొచ్చాయి. ఇద్దరూ కొట్టుకున్నారట... దావీదు అలిగి పాట మానేశాడట... అన్నిటికీ మూలం సుగుణ అట. ఎవరూ చూసింది లేదు, విన్నది లేదు. "నిప్పు లేంది పొగ వస్తదా" అనేది మా పక్కింటామె. రోజూ బొగ్గు పొయ్యి ముట్టిస్తూ, నిప్పు రాజుకోకముందే ఇల్లంతా పొగతో నింపే మనిషి ఆ మాట అనడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

బడిలో నన్ను వేలు పెట్టి చూపించేవాళ్లు... 'బ్యాండు పగలగొట్టినామె చెల్లె' అని. నాకు తల కొట్టేసినట్టుండేది. అక్క మీద ఎంత కోపమో చెప్పలేను.

ఒకరోజు నల్లా దగ్గర లైనులో ఉన్నాను. అక్క రెండు బిందెలతో వచ్చింది. అప్పటిదాకా గలగలమన్న ఆడవాళ్లు ఒక్కసారి నోళ్లు మూశారు. అక్క నన్ను చూసి నవ్వింది. నేను నా బిందె తీసుకుని, ఆమె ఎవరో తెలియనట్టు, అవతలి లైనులోకి పోయి నిలబడ్డాను...

ఆ వారంలోనే అవ్వ, అంటే మా అమ్మ, సత్తుగిన్నెలో పచ్చిపులుసు పోసి అక్కకిచ్చి రమ్మని పంపింది. బావకు ఆ రోజు సెలవు. తలుపు దగ్గరగా వేసి ఉంటే తోసుకుని వెళ్లాను. బావ గోడ వైపు తిరిగి కూర్చుని, గిటారు చెక్కకు చెంప ఆనించి, ఒకే తీగను మళ్లీ మళ్లీ మీటుతున్నాడు. "బావా" అన్నాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. నా చేతిలోంచి గిన్నె మూత జారి, గచ్చు మీద పడి ఇల్లంతా మోగింది.

బావ తల తిప్పలేదు.

అక్క వంటింట్లోంచి పరుగున వచ్చి తలుపు గడియ పెట్టింది. నన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పింది.

"బాయిల మందు పేల్చే సప్పుడుకు చెవులు పోయినయే. తెలిస్తే అన్‌ఫిట్ అని ఇంటికి పంపుతరు, క్వార్టర్ గూడ ఉండది. గిటారు తప్పు వాయిస్తే అందరికి ఎరకైతదని సాయంత్రాలు లేకుంట చేసుకున్నడు. దావీదన్న ఎందుకు పోయిండనుకున్నవ్? బాయి కింద ఈయనకు చెవులు ఆయనే."

"మరి నిన్ను అంటున్నరు గదక్కా..."

"అననియ్యి. నన్నంటే ఎవ్వరి నౌకరి పోదు."

నల్లా దగ్గర నేను చేసింది ఆమె ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. పైపెచ్చు, "పులుసు మంచిగుందని అవ్వకు చెప్పు" అంది. సిగ్గుతో నాకు అక్క మొహంలోకి చూడబుద్ధి కాలేదు.

మర్నాడు నా బిందె ఆమె బిందెల పక్కనే పెట్టాను. పక్కింటామె మళ్లీ అదే మాట అంది. జవాబు నా నాలుక చివరన ఉంది... చెప్పడానికి లేదు. అక్క మాత్రం రోజూ విన్న మాటే కదా అన్నట్టు నీళ్లు పట్టుకుంది. అలా ఎన్నేళ్లు పట్టుకుందో.

బావ రిటైరై దండ వేయించుకున్న రోజు, దావీదన్న మైకు పట్టుకుని అందరి ముందూ అసలు సంగతి చెప్పేశాడు. క్షమించమని ఒక్కరూ అనలేదు. పక్కింటామె మాత్రం వచ్చి, "ముందుగాల చెప్తే అయిపోతుండె గద సుగుణా" అంది. తప్పు మళ్లీ అక్కదే.

"చాయ్ సల్లగైతది, తాగక్కా" అంది మా అక్క.

ఇప్పుడా మైదానం లేదు, బ్యాండూ లేదు. మొన్న మా మనవరాలు ఫోను చూపించింది... ఏదో దేశంలో పెద్ద బ్యాండు విడిపోతోందట, ఆ వార్త కింద లోకమంతా తీర్పులు రాస్తోంది. ఇంగ్లీషులో ఉంటే చదివించుకుని విన్నాను. అందరూ కలిసి ఒక ఆడమనిషినే తిడుతున్నారు. మా నల్లాకు ఇప్పుడు ప్రపంచమంతా లైను కట్టింది, అంతే తేడా.

మీ వాడలోనూ, చేయని తప్పు మోసిన మనిషి ఎవరో ఉండే ఉంటారు. ఆరోజు మీరు బిందె పక్కకు జరుపుకున్నా సరే... ఆమె పేరు ఇక్కడ రాయండి.

మా అక్క పేరు సుగుణ.